సోల్డర్ టెర్మినల్స్: ఏ రకానికి వైరు ఎలా చుట్టాలి, ఎలా అతికించాలి

ఇన్వర్టర్ కావచ్చు, గుడి మైకు సెట్టులో యాంప్లిఫయర్ కావచ్చు, ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద ఫిష్ ఫైండర్ కావచ్చు, పనిచేయడం లేదని విప్పి చూస్తే చాలాసార్లు ఐసీలు, కెపాసిటర్లు అన్నీ క్షేమంగానే ఉంటాయి. బయటి నుంచి వచ్చిన వైరు బోర్డుని కలిసే చోట మాత్రం పోగులు తెగిపోయో, ప్యాడ్ (వైరు అతికే రాగి మచ్చ) లేచిపోయో కనిపిస్తుంది. వైరుని సోల్డర్‌తో అతికించడానికి బోర్డు మీదో కనెక్టర్ మీదో ఉండే చిన్న లోహపు ముక్కలే సోల్డర్ టెర్మినల్స్, అవి ఉన్నది ఆ చోటు కోసమే. వాటిని సరిగ్గా వాడటం విశాఖలో ఏయూ, గీతం యూనివర్సిటీల్లో ప్రాజెక్టులు చేసే పిల్లలకీ, గాజువాకలో రిపేరు షాపు నడిపేవాళ్ళకీ సమానంగా పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

వైరుని నేరుగా బోర్డు రంధ్రంలోకి దూర్చి పైన ఒక ముద్ద లెడ్ (సోల్డర్‌ని మనవాళ్ళు పిలిచే పేరు) పెట్టడం అందరికీ అలవాటైన పద్ధతే. కానీ బోర్డు మీద రాగి పొర మందం మామూలుగా 35 మైక్రాన్లు, అది ఫైబర్‌గ్లాస్‌కి జిగురుతో అతుక్కుని ఉంటుంది, అంతే. వైరు కదిలిన ప్రతిసారీ ఆ లాగుడు అంతా ఆ పల్చటి రాగి మీదే పడుతుంది. టెర్మినల్ పెడితే ఆ బరువు ఇత్తడి ముక్క మీదికీ, దాని ద్వారా బోర్డు మందం మొత్తం మీదికీ వెళ్తుంది. వైరు మార్చాల్సి వచ్చినా ప్యాడ్‌ని మళ్ళీ మళ్ళీ కాల్చక్కర్లేదు.

మన విశాఖలో ఇంకో సంగతి కూడా ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే, సముద్రం దగ్గరి ఇళ్ళల్లో అయితే ఆ తేమలో ఉప్పు కూడా. సరిగ్గా అతుక్కోని జాయింటు హైదరాబాద్‌లో నాలుగేళ్ళు నెట్టుకొచ్చినా ఇక్కడ తొందరగానే పచ్చ పట్టి చేతులెత్తేస్తుంది. అందుకే ఈ ఊళ్ళో పనిచేసేవాళ్ళు మిగతావాళ్ళకంటే ఒక మెట్టు జాగ్రత్తగా ఉండాలి.

అన్ని రకాల టెర్మినల్స్‌కీ వర్తించే సూత్రం ఒకటే, అది ముందే చెప్పేస్తాను. టెర్మినల్ ఆకారాన్ని బట్టే వైరు ఏ దారిన వెళ్ళాలో తెలుస్తుంది, ఆ దారిన పెట్టిన వైరు మీరు సోల్డరింగ్ ఐరన్ తాకించకముందే కదలకుండా కూర్చోవాలి. చేత్తో పట్టుకుంటేనే వైరు నిలబడుతోందంటే మీరు ఇంకా సోల్డర్ చేసే దశకి రాలేదని అర్థం. లెడ్ గడ్డకట్టే ఆ ఒక్క సెకనులో వైరు వెంట్రుకవాసి కదిలినా లోపల పగుళ్ళు వస్తాయి, పైకి గరుకుగా బూడిదరంగులో కనిపిస్తుంది, దాన్నే మనవాళ్ళు డ్రై సోల్డర్ అంటారు.

ముందు వైరు సంగతి. మల్టీస్ట్రాండ్ వైరు తొడుగు తీసేటప్పుడు పళ్ళతో, బ్లేడుతో లాగకండి. ఏడు పోగుల వైరులో రెండు పోగులకి గాటు పడితే ఆ రోజుకి ఏమీ కాదు, ఫ్యాను గాలికో బోటు ఇంజను అదురుకో ఊగి ఊగి కొన్నాళ్ళకి ఆ గాటు దగ్గరే తెగుతుంది. వైరు సైజుకి సరిపోయే రంధ్రం ఉన్న స్ట్రిప్పర్ వాడండి. పోగులు విచ్చుకుంటే వాటికి మొదట ఎటు మెలి ఉందో అటే తిప్పండి, ఎదురు తిప్పితే బుట్టలా ఉబ్బుతాయి. తరవాత టిన్నింగ్, అంటే వైరు కొసకి ముందే పల్చగా లెడ్ పట్టించడం. లెడ్ పోగుల మధ్యకి దిగాలి, కానీ పోగుల గీతలు పైకి కనబడుతూనే ఉండాలి, తొడుగు కిందికి మాత్రం పాకకూడదు. పాకితే ఆ భాగం కడ్డీలా బిగిసిపోతుంది, వంపు తీసుకునే చోట విరుగుతుంది. ఇది ఆపడానికి సులువైన మార్గం, తొడుగు అంచుకి అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో ముందే లెడ్ ఇవ్వడం ఆపేయడం, లేదా ఆ అంచు దగ్గర చిన్న లోహపు క్లిప్పు పెట్టి వేడిని లాగేయడం.

ఇప్పుడు టరెట్. బోర్డు మీద నిలబెట్టిన చిన్న లోహపు స్తంభం, చుట్టూ ఒకటో రెండో గాడులు ఉంటాయి. టెర్మినల్స్ అన్నింట్లో నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఏ దిక్కు నుంచి వైరు వచ్చినా తీసుకుంటుంది, రెండు మూడు వైర్లని విడివిడిగా మోస్తుంది, మీటరు క్లిప్పు కూడా దానికే తగిలించొచ్చు. వాల్వు యాంప్లిఫయర్లు ఇప్పటికీ చేత్తో కట్టేవాళ్ళు టరెట్ బోర్డులని వదలకపోవడానికి ఇదే కారణం.

చుట్టడం ఇలా. టిన్నింగ్ చేసిన వైరు కొసని నోస్ ప్లయర్‌తో ముందే కొక్కెంలా వంచండి, స్తంభం మీదే వంచడానికి చూస్తే టెర్మినల్ ఊగిపోతుంది. ఆ కొక్కేన్ని కింది గాడిలోకి దించి, అడుగు మీద ఆనేలా పెట్టి, ప్లయర్‌తో నొక్కండి. కనీసం సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు ఉండాలి, ముప్పావు చుట్టు వరకు వెళ్ళొచ్చు. వైరు తన మీద తాను ఎక్కకూడదు. మిగిలిన కొస పక్క టెర్మినల్ వైపు పొడుచుకు వస్తుంటే కత్తిరించేయండి. మరీ సన్నటి వైరు, అంటే 30 ఏడబ్ల్యూజీ (వైరు లావు చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం), అంతకంటే సన్నవి అయితే సగం చుట్టు చాలదు, ఒకటి నుంచి మూడు పూర్తి చుట్లు వేయాలి. ఇవేవీ నా సొంత లెక్కలు కావు, ఎలక్ట్రానిక్స్ ప్రమాణాలు రాసే ఐపీసీ వాళ్ళ జే-ఎస్‌టీడీ-001 లోనూ, నాసా 1997లో ఇచ్చిన సోల్డరింగ్ ప్రమాణంలోనూ కొద్దిపాటి తేడాలతో ఉన్నవే.

తొడుగు ఎక్కడ ఆగాలి అన్నది చాలామంది పట్టించుకోరు. తొడుగు లెడ్‌లో మునిగితే కాలుతుంది, పైగా కింద జాయింటు ఎలా ఉందో కనబడదు. మరీ దూరంగా ఆగితే ఖాళీ రాగి పక్క టెర్మినల్‌కి తగులుతుంది. గట్టి హద్దు ఏమిటంటే తొడుగుతో కలిపి వైరు ఎంత లావుందో దానికి రెండింతలు, లేదా ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అంతవరకు ఖాళీ వదలొచ్చు. నేను వైరు లావంత ఖాళీ వదిలితే చాలంటాను.

ఒకే టరెట్‌కి రెండు మూడు వైర్లు వస్తే లావుది అడుగున, సన్నది పైన. ఒక వైరుని ఇంకో వైరు మీద చుట్టకండి, ప్రతిదీ స్తంభాన్నే తాకాలి. ఎప్పుడైనా తీసి మార్చాల్సి వస్తుందనుకున్న వైరుని పై గాడిలో పెడితే కిందివాటిని కదపకుండా అదొక్కటే తీసుకోవచ్చు.

వేడి చేసేటప్పుడు బిట్టుని (ఐరన్ మొనని) వైరూ టెర్మినలూ కలిసే మూలలో ఆనించండి, రెండిటికీ ఒకేసారి వేడి అందాలి. ముందు బిట్టు దగ్గరే చిటికెడు లెడ్ తాకిస్తే అది కరిగి వేడిని లోపలికి తీసుకెళ్తుంది, తరవాత అవతలి వైపు నుంచి లెడ్ ఇవ్వండి. అవతలి వైపు ఇచ్చిన లెడ్ దానంతటది కరిగిందంటే టెర్మినల్ మొత్తం కాగినట్టే. టరెట్ లావుగా ఉంటుంది కాబట్టి వేడిని తాగేస్తుంది. సన్నటి సిగ్నల్ వైర్లకి సోల్డ్రాన్ 25 వాట్ల ఐరన్ చాలు, కానీ ఇన్వర్టర్ బ్యాటరీ వైపు వచ్చే లావు వైర్లకి అది చాలదు. అప్పుడు పాపం ఆ ఐరన్‌ని పది పదిహేను సెకన్లు ఆనించి ఉంచుతారు, కింద ప్యాడ్ కాస్తా లేచిపోతుంది. తక్కువ వాట్ల ఐరన్‌తో ఎక్కువసేపు కాల్చడం కంటే 60 వాట్ల సోల్డరింగ్ స్టేషన్‌తో (వేడిని సెట్ చేసుకునే ఐరన్), వెడల్పు ఉలి బిట్టుతో మూడు నాలుగు సెకన్లలో ముగించడం బోర్డుకి మంచిది.

పూర్తయ్యాక వైరు ఆకారం లెడ్ కింద నుంచి స్పష్టంగా తెలియాలి. లెడ్ రెండువైపులా లోపలికి వంపు తిరిగి పల్చగా అంచులు కలిసిపోవాలి. గుండ్రంగా బఠాణీ గింజలా ఉబ్బి ఉంటే ఎక్కువైందని, లోపల తడిసిందో లేదో ఎవరికీ తెలియదని లెక్క.

టరెట్‌ని బోర్డుకి బిగించడం వేరే పని. దాని కింది గొట్టాన్ని రంధ్రంలో దూర్చి, అవతలి వైపు పంచ్‌తో నొక్కి విప్పారిస్తారు. రాగి లేని ఖాళీ బోర్డు మీద అయితే ఆ అంచుని పూర్తిగా చుట్టలా తిప్పి బిగిస్తారు. ప్యాడ్ మీద అయితే గరాటులా విప్పార్చి, ఆ గరాటు చుట్టూ సోల్డర్ చేస్తారు, ఎందుకంటే చుట్ట తిప్పే బలానికి ప్యాడ్ నలిగిపోతుంది. సుత్తితో కొట్టకండి, ఫైబర్‌గ్లాస్‌లో తెల్లటి మచ్చలు వస్తాయి, అవి లోపలి పొరలు విడిపోయిన గుర్తులు. డ్రిల్ స్టాండుకి పంచ్ బిగించి, మోటారు ఆన్ చేయకుండా, మీటతో నెమ్మదిగా నొక్కితే చక్కగా కూర్చుంటుంది. డబుల్ సైడ్ బోర్డులో పై ట్రాక్‌ని కింది ట్రాక్‌తో కలపడానికి ఈ నొక్కుడు ఒక్కదాన్నే నమ్ముకోకండి, రెండువైపులా సోల్డర్ పడాలి. కొన్ని టరెట్లు మధ్యలో బోలుగా ఉంటాయి, వాటిలో కింది నుంచి వైరు పైకి తెచ్చుకోవచ్చు.

కొనేటప్పుడు ఇత్తడి మీద నేరుగా తగరం పూత ఉన్నవి కాకుండా మధ్యలో రాగి పొరో నికెల్ పొరో ఉన్నవి చూసుకోండి. ఇత్తడిలోని జింకు మెల్లగా పైకి వచ్చేస్తుంది, కొన్ని నెలలు డబ్బాలో ఉన్నాక ఆ టెర్మినల్‌కి లెడ్ అంటుకోదు. డాబాగార్డెన్స్ వైపు షాపుల్లో అడిగితే బెర్గ్ స్ట్రిప్పులు (వరసగా పిన్నులున్న పట్టీలు), రిలిమేట్ కనెక్టర్లు చేతిలో పెడతారు కానీ టరెట్లు దొరకడం కష్టమే, మౌజర్, డిజి-కీ లాంటి వాటిలో ఆన్‌లైన్‌లో కీస్టోన్ కంపెనీవి తెప్పించుకోవచ్చు.

రెండు కొమ్ముల టెర్మినల్, అంటే ఫోర్క్ రకం, దీన్ని బైఫర్కేటెడ్ అని కూడా అంటారు. రెండు నిలువు కొమ్ములు, మధ్యలో సందు. వైరుని మూడు దారుల్లో తేవచ్చు. పక్క నుంచి తెస్తే సందులోంచి దూర్చి ఒక కొమ్ముకి కనీసం పావు చుట్టు వంచాలి. రెండో వైరు వస్తే దాన్ని అవతలి కొమ్ముకి వంచండి, అలా ఒకటి ఇటు ఒకటి అటు వేసుకుంటూ పోతే బరువు రెండువైపులా సరిపోతుంది, కానీ కొమ్ముల ఎత్తు దాటి పేర్చకూడదు. అడుగున రంధ్రం ఉన్న రకానికి కింది నుంచి తెచ్చి సందులోంచి బయటికి వంచుతారు. పై నుంచి నేరుగా దించే దారి కూడా ఉంది గానీ, వైరు సందుని పూర్తిగా నింపేంత లావు ఉంటేనే అది చెల్లుతుంది. సన్నగా ఉంటే వైరుని మడత పెట్టో, పక్కన ఖాళీ వైరు ముక్క పెట్టో సందు నింపాలి. ఇదేదీ చేయకుండా పై నుంచి సన్నటి వైరు దించి లెడ్ పోసేసిన పనులు చాలా చూస్తాం, అవి లాగితే వచ్చేస్తాయి.

కొక్కెం టెర్మినల్, గాజు సీలు ఉన్న రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) మీద కనబడేది, దానికి చుట్టే పద్ధతి టరెట్ లాంటిదే, సగం చుట్టుకి తగ్గకుండా, కొక్కెం కొసకి కనీసం ఒక వైరు లావంత దూరంలో. అసలు జాగ్రత్త గాజు గురించి. కొక్కేన్ని వంచినా, ఎక్కువసేపు కాల్చినా గాజు బీటేసి రిలే లోపలికి తేమ పోతుంది, మన ఊళ్ళో అది చాలు రిలే పాడవడానికి. రంధ్రం ఉన్న రేకు టెర్మినల్స్, అదే స్విచ్చులకీ వాల్యూమ్ కంట్రోళ్ళకీ స్పీకర్లకీ పాత రేడియోల్లో ట్యాగ్ స్ట్రిప్పులకీ ఉండేవి, వాటిలో వైరుని రంధ్రంలోంచి తెచ్చి రేకుకి రెండువైపులా తగిలేలా వంచండి, వైరు రంధ్రంలో పట్టకపోతే పోగులు కత్తిరించి పట్టించకండి, ఇంకా సన్నటి వైరో పెద్ద టెర్మినలో చూసుకోండి.

కప్పు టెర్మినల్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. డీబీ9 కనెక్టర్లు, మైకుల ఎక్స్ఎల్ఆర్ కనెక్టర్లు, ఓడల మీదా విమానాల్లోనూ వాడే గుండ్రటి లోహపు కనెక్టర్లు, వీటన్నింటికీ వెనక చిన్న గొట్టం సగం కోసినట్టు ఉంటుంది. ఆర్‌కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూసేవుంటారు కదా, 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైర్ అయింది, లోపల నడుస్తుంటే నాకైతే మీటర్ల కంటే వాటి వెనకాల ఉన్న కేబుళ్ళ మీదే చూపు నిలుస్తుంది. అంత ఇరుకులో, అంత తేమలో పనిచేయాల్సిన చోట జాయింటు ఎంత బాగుండాలో ఊహించుకోండి.

కప్పులో వైరుని చుట్టే వీలు లేదు, గోడే పట్టుకోవాలి. కాబట్టి అక్కడ కదలకుండా ఉంచే పని వైసుదో, స్టాండు క్లిప్పుదో. కనెక్టర్‌ని దాని జోడీకి తగిలించి, నోరు పైకి చూసేలా వైసులో కాస్త ఏటవాలుగా బిగించండి. జోడీ ఎందుకంటే వేడికి ప్లాస్టిక్ మెత్తబడితే పిన్నులు పక్కకి ఒరిగిపోతాయి, జోడీ ఉంటే వరస తప్పవు. వైరుకి ముందుగా హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగి, వేడి తగలనంత దూరం జరపండి, అన్నీ అతికించాక గుర్తొస్తే మళ్ళీ విప్పడమే. కప్పులోకి లెడ్ వైరు చిన్న ముక్క వేసి, బయటి గోడకి బిట్టు ఆనించి కరగనివ్వండి. ఫ్లక్స్ (లోహాన్ని శుభ్రం చేసి లెడ్ అంటుకునేలా చేసే పదార్థం) బుడగలు పైకి వచ్చి ఆగిపోయాక టిన్నింగ్ చేసిన వైరుని నెమ్మదిగా, వెనక గోడకి రాసుకుంటూ, అడుగు తగిలేదాకా దించండి. వేగంగా గుచ్చితే గాలీ ఫ్లక్సూ కింద ఇరుక్కుపోతాయి. లెడ్ కప్పు లోతులో కనీసం ముప్పావు వంతు నిండాలి, నోటి దగ్గర వైరు చుట్టూ కనబడాలి, కానీ బయటి గోడ మీదికి పొంగకూడదు. పొంగితే పక్క పిన్నుకి దూరం తగ్గుతుంది, స్లీవ్ కూడా ఎక్కదు. ఎక్కువ వరసలు ఉన్న కనెక్టర్‌లో మీకు దూరంగా, కిందగా ఉన్న వరసతో మొదలుపెట్టండి.

బంగారం పూత ఉన్న కప్పులకి ఇంకో పని ఉంది. బంగారం కరిగిన తగరంలో ఇట్టే కలిసిపోతుంది, అలా కలిసిన బంగారం సుమారు మూడు శాతం దాటితే జాయింటు పెళుసవుతుంది, అదురుకి పగులుతుంది. అందుకని ముందు ఒకసారి కప్పు నిండా లెడ్ పోసి, డీసోల్డర్ విక్‌తో (కరిగిన లెడ్‌ని పీల్చే రాగి అల్లికతో) పూర్తిగా తీసేసి, అప్పుడు కొత్త లెడ్‌తో అసలు జాయింటు చేయాలి. పది రూపాయల లెడ్ పోతుందని బాధపడకండి.

బెర్గ్ పిన్నుల మీద వైరు అతికించాలంటే పొట్టి టరెట్ అనుకుని అదే సగం చుట్టు వేసి, మీద స్లీవ్ వేసేయండి. ఇక స్క్రూ టెర్మినల్స్, అవి సోల్డర్ టెర్మినల్స్ కావు, అయినా ఒక మాట చెప్పకపోతే మనసు ఒప్పుకోదు. స్క్రూ కింద పెట్టే వైరుకి టిన్నింగ్ చేయకండి. లెడ్ మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి నెలల తరబడి మెల్లగా జరిగిపోతుంది, బిగువు పోతుంది, కరెంటు ఎక్కువున్న చోట వేడెక్కి కాలుతుంది. ఇన్వర్టర్లలోనూ మోటారు కంట్రోలర్లలోనూ కాలిన టెర్మినల్ బ్లాకుల్లో ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది. అక్కడ ఫెర్రూల్ (వైరు కొసకి తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి.

లెడ్ విషయంలో చేతిపనికి 63/37 (తగరం 63, సీసం 37 శాతం) దొరికితే అదే తీసుకోండి. అది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా గడ్డకడుతుంది, 60/40 అయితే 183 నుంచి 190 దాకా మెత్తగా ఉండే దశ ఉంటుంది, ఆ దశలో వైరు కదిలితే డ్రై సోల్డరే. సీసం లేని రకం 217 పైన కరుగుతుంది, దానికి ఐరన్ ఇంకొంచెం వేడిగా ఉండాలి. స్టేషన్ ఉంటే సీసం ఉన్నదానికి 320 నుంచి 350, లేనిదానికి 350 నుంచి 380 మధ్య పెట్టుకుంటే ఎక్కువ పనులు అయిపోతాయి. ఫ్యాను గాలి నేరుగా జాయింటు మీద పడకుండా, పొగ మాత్రం మీ ముఖం మీద నుంచి పక్కకి పోయేలా పెట్టుకోండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే టీ, టిఫిను.

ఫ్లక్స్ దగ్గరే ఈ ఊళ్ళో ఎక్కువ నష్టం జరుగుతుంది. రేకు పనికీ పైపు పనికీ వాడే ఫ్లక్స్‌లో జింక్ క్లోరైడ్ ఉంటుంది, లెడ్ ఎక్కడైనా చక్కగా అంటుకుంటుంది కాబట్టి చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ మిగులు గాలిలోని తేమని లాక్కుని రాగిని తింటూనే ఉంటుంది. మల్టీస్ట్రాండ్ వైరులో అయితే తొడుగు కిందికి దిగిపోతుంది, అక్కడి నుంచి ఏ బ్రష్షూ తీయలేదు. బోర్డు దగ్గరికి దాన్ని రానివ్వకండి, రోజిన్ ఫ్లక్స్ చాలు. అది కూడా పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, గట్టి బ్రష్‌తో కడగాలి. కడిగి వదిలేస్తే కరిగిన ఫ్లక్స్ బోర్డంతా పల్చగా పరుచుకుంటుంది, కాబట్టి రెండోసారి తాజా ఆల్కహాల్‌తో కడిగి పోగులు రాలని గుడ్డతో అద్ది తీయండి.

ఆరాక పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో ఒక్కో టెర్మినల్ చూడండి. లెడ్ అంచు లోహంలో కలిసిందా, లేక నీటిబొట్టులా గుండ్రంగా ఆగిందా, పోగు ఏదైనా బయటికి పొడుచుకొచ్చిందా, తొడుగు కాలిందా, ఇవి చూడాల్సినవి. వైరుని లాగి పరీక్షించాలనిపిస్తుంది గానీ గట్టిగా గుంజకండి, వేలితో మెల్లగా పక్కకి తోసి మొదట్లో కదలిక ఉందేమో చూస్తే చాలు. తరవాత వైర్లని టెర్మినల్‌కి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో కట్టి బోర్డుకో పెట్టెకో బిగించండి, టెర్మినల్‌కీ ఆ కట్టుకీ మధ్య వైరు కాస్త వదులుగా, చిన్న వంపుతో ఉండాలి, బిగదీసి కట్టిన వైరు ఎంత బాగా సోల్డర్ చేసినా నిలవదు.

బోటు మీదికో, బీచ్ రోడ్డు వైపు ఇంట్లోకో వెళ్ళే బోర్డు అయితే చివర్లో యాక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డుని తేమ నుంచి కాపాడే పల్చటి పూత) స్ప్రే చేయండి. ముందుగా కనెక్టర్ నోళ్ళకి, స్విచ్చులకి, మీటరు క్లిప్పు తగిలించాల్సిన టరెట్ తలలకి టేపు వేయండి. వర్షం రోజు కాకుండా ఎండ రోజు చూసుకుని, బోర్డుని వెచ్చగా ఆరబెట్టాకే కొట్టండి, లేకపోతే తేమని లోపలే పెట్టి మూసినట్టవుతుంది. ఒకే మందపాటి పూత కంటే మధ్యలో ఆరనిస్తూ రెండు పల్చటి పూతలు మేలు, రెండోది మొదటిదానికి అడ్డంగా, వేరే కోణం నుంచి కొడితే టరెట్ గాడుల వెనకభాగానికి కూడా అందుతుంది.